ఇంట్లోకి రెండో పిల్లి: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎదురెదురుగా వదిలేస్తే నాలుగు దెబ్బలు తిని అవే సర్దుకుంటాయి.

వాస్తవం: పశువైద్యుడిగా నేను కోసి శుభ్రం చేసిన చీముగడ్డల్లో కొన్నిటికి ఈ సలహాయే మూలం. పెంపుడు పిల్లికి పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. పోట్లాడి రాజీపడే అలవాటు ఆ వంశంలో లేదు. ఓడిన పిల్లి మంచం కిందికి చేరి అక్కడే కాపురం పెడుతుంది.

కొత్తదానికి వైద్య పరీక్ష, టీకాల సంగతి చూసుకుని ముందు వేరే గదిలో ఉంచండి. చూపుల కంటే ముందు వాసన కలవాలి. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. మెత్తటి గుడ్డతో కొత్తదాని బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను పాతది తిరిగే చోట నేలమీద పడేయండి. తిండి గిన్నె పక్కన మాత్రం వద్దు. వాసన చూసి తన దారిన పోయిందా, శుభం. బుసకొట్టిందా, మరో రెండు రోజులు ఆగండి. తర్వాత మూసిన తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. తల ఎత్తకుండా తింటుంటేనే గిన్నెలను జానెడు ముందుకు జరపండి. తలుపు ఓరగా తీయడం ఆ తర్వాతి మాట. ఇదంతా కొన్ని వారాల పని, ఒక్కోసారి నెలలు.

అపోహ: బుసకొడితే పగపట్టినట్టే.

వాస్తవం: అది ‘దగ్గరికి రాకు’ అని చెప్పడం. రెండోది ఆగిపోతే మాట చెల్లినట్టే. మధ్యలో మీరు కసరకండి. నాకు గుబులు పుట్టించేది నిశ్శబ్దం. ఒకటి గుమ్మంలో కూర్చుని రెప్పవేయకుండా చూస్తుంది. రెండోది మలమూత్రాలకు పెట్టిన ట్రే దాకా వెళ్లలేక వెనుదిరుగుతుంది. ‘ఎంత బుద్ధిగా ఉన్నాయో!’ అని ఇంటివాళ్లు మురిసిపోతారు. మర్నాడు పరుపు తడిసి ఉంటుంది.

అపోహ: రెండింటికీ ఒకే ట్రే చాలు.

వాస్తవం: 2 పిల్లులకు 3 ట్రేలు, వేర్వేరు చోట్ల. ఒకే మూలన వరసగా పెడితే కాపలా కాసే పిల్లికి మూడూ ఒకటే.

అపోహ: కొట్లాడుకుంటే చేతులతో విడదీయాలి.

వాస్తవం: వద్దు. పిల్లి కాటు సన్నగా, లోతుగా దిగి తొందరగా చీము పడుతుంది. పెద్ద అట్టముక్కను మధ్యలోకి దించండి.

అపోహ: ఒకదాన్నొకటి నాకితేనే స్నేహం కుదిరినట్టు.

వాస్తవం: ఒకే గదిలో ఒకటి కిటికీలో, ఇంకొకటి కుర్చీలో, పరస్పరం వీపు తిప్పి నిద్రపోతుంటే నేను ఆ కేసు మూసేస్తాను.