అత్యవసర గర్భనిరోధక మాత్ర: డాక్టర్ చీటీ గొడవ ఎక్కడ మొదలైంది?

అత్యవసర గర్భనిరోధక మాత్రను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొచ్చా, అమ్మితే ఏ వయసు వాళ్లకు, అడిగితేనే ఇవ్వాలా అందరికీ కనబడేలా పెట్టాలా అన్న చర్చ ఏ దేశంలో లేచినా, అదేదో నిన్న మొన్న పుట్టిన సమస్య అన్నట్టే మొదలవుతుంది. ఒకరు ఆరోగ్యం అంటారు, ఒకరు విలువలు అంటారు, ఇంకొకరు ఆడపిల్లలు చెడిపోతారంటారు. నిజానికి ఈ ప్రశ్నల్లో చాలావాటికి ఇరవై ఏళ్ల కిందటే జవాబులు వచ్చేశాయి. వచ్చాక కూడా గొడవ ఎందుకు ఆగలేదన్నదే అసలు కథ.

ముందు మందు సంగతి. ఎక్కువగా వాడేది లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్, 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల్లో చాలావాటిలో ఉండేది ఇదే, ఇక్కడ మోతాదు ఎక్కువ. కలయిక జరిగిన పూటకే గర్భం వచ్చెయ్యాలని లేదు, వీర్యకణాలు ఒంట్లో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు, ఆలోపు అండం విడుదలైతే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. ఈ మాత్ర ఆ విడుదలను వెనక్కి నెడుతుంది. అండం విడుదలకు శరీరంలో సన్నాహం పూర్తయ్యే దశకు వచ్చేస్తే ఇక దీనివల్ల లాభం లేదు. అప్పటికే గర్భం వచ్చి ఉంటే దాన్ని ఇది తీసెయ్యలేదు. అబార్షన్‌కు వాడే మందులు వేరు, ఇది వేరు, ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష ఒకటి 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో లెవోనార్‌జెస్ట్రెల్‌ను మొదటి 24 గంటల్లో వేసుకున్నవాళ్లలో, రావాల్సిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు వేసుకున్నవాళ్లలో 85 శాతం, మూడో రోజు 58 శాతం. ఇప్పుడు ఈ లెక్కను డాక్టర్ చీటీ పక్కన పెట్టి చూడండి. శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది. సోమవారం అపాయింట్‌మెంట్ దొరికితే దొరికినట్టు, లేకపోతే సాయంత్రం దాకా కాచుకోవాలి, ఆఫీసులోనో కాలేజీలోనో ఏదో ఒకటి చెప్పి బయటపడాలి, చీటీ రాయించుకుని మందుల షాపుకెళ్తే స్టాక్ లేదు రేపు రండి అంటారు. మంగళవారానికి ఆ అమ్మాయి మూడో రోజులో ఉంది. ఆమెను ఎవరూ కాదనలేదు, అందరూ పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు, అయినా మందు పనిచేసే సమయంలో ముఖ్యమైన భాగం కరిగిపోయింది. సులభంగా దొరకాలి అనేవాళ్ల వాదనకు మూలం ఇదే.

చరిత్ర 1960లలో మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లో అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలికకు గర్భం రాకుండా డాక్టర్లు ఎక్కువ మోతాదులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఇచ్చారు, మనిషికి ఇలా ఇచ్చిన తొలి కేసుగా దాన్నే చెబుతారు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌లీన్ మోరిస్, గెర్ట్రూడ్ వాన్ వాగెనెన్ ఈ పద్ధతిని కోతుల మీద పరీక్షించారు. తర్వాత అమెరికా యూనివర్సిటీల హెల్త్ సెంటర్లలో డీఈఎస్ అనే ఈస్ట్రోజెన్‌ను ఇదే పనికి ఇవ్వడం మొదలైంది. సరిగ్గా అప్పుడే, 1971లో, గర్భిణిగా ఉన్నప్పుడు డీఈఎస్ వాడిన తల్లుల కూతుళ్లలో అరుదైన యోని క్యాన్సర్ కనిపిస్తోందని తేలింది. ఆ మందు వేరు, ఇప్పటి మాత్ర వేరు. కానీ మర్నాడు వేసుకునే మాత్ర అనగానే జనానికి పట్టుకున్న భయంలో కొంత అక్కడి నుంచే వచ్చింది, దాన్ని వట్టి మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు న్యాయం అనిపించదు.

1974లో కెనడా డాక్టర్ ఆల్బర్ట్ యూజ్‌పే వేరే దారి చూపించాడు. మామూలు గర్భనిరోధక మాత్రలనే ఎక్కువ మోతాదులో, 12 గంటల తేడాతో రెండుసార్లు వేసుకోవడం. పనిచేసేది, కానీ సగం మందికి వాంతి వచ్చేలా ఉండేది. 1984లో బ్రిటన్ ఇలాంటి ప్యాకెట్‌కు చీటీ మీద అమ్మేలా అనుమతి ఇచ్చింది. అమెరికాలో మాత్రం ఏ కంపెనీ ముందుకు రాలేదు, అందుకే తెలిసిన డాక్టర్లు మామూలు మాత్రల షీటు చేతికిచ్చి ఏ రంగువి ఎన్ని వేసుకోవాలో నోటితో చెప్పి పంపేవాళ్లు. తెలిసిన డాక్టర్ లేని ఆడవాళ్లకు ఈ దారి ఉందనే తెలియదు. చివరికి 1997 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనంతట తానే ఈ పద్ధతి సురక్షితమని ప్రకటించి, దరఖాస్తులు పెట్టండని కంపెనీలను పిలవాల్సి వచ్చింది. 1999లో లెవోనార్‌జెస్ట్రెల్ ఒక్కటే ఉన్న ప్లాన్ బీ అనే బ్రాండుకు చీటీ మీద అమ్మే అనుమతి దొరికింది.

అదే 1999లో ఫ్రాన్స్ చీటీ అక్కర్లేదంది. ఆ వెంటనే అక్కడి విద్యా మంత్రిత్వశాఖలో ఉన్న సెగోలెన్ రాయల్ స్కూలు నర్సులు కూడా ఇవ్వొచ్చని ఆదేశించారు. అది చట్టానికి విరుద్ధమని 2000లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టేస్తే, పార్లమెంటు ఆ ఏడాది చివరికల్లా చట్టాన్నే మార్చింది. బ్రిటన్ 2001 జనవరి నుంచి 16 ఏళ్లు నిండినవాళ్లకు ఫార్మసిస్టు నేరుగా అమ్మొచ్చంది. దాని మీద కొందరు కోర్టుకెళ్లి, ఇది 1861 నాటి చట్టం ప్రకారం గర్భస్రావం చేయించే నేరమని వాదించారు. 2002లో హైకోర్టు ఒప్పుకోలేదు, పిండం గర్భాశయంలో కుదురుకోక ముందు గర్భస్రావం అన్న మాటకే తావులేదంది.

అందరికంటే పెద్ద గొడవ అమెరికాదే. ప్లాన్ బీని చీటీ లేకుండా అమ్మనివ్వమని 2003లో దరఖాస్తు పెట్టారు. ఆ డిసెంబరులో ఎఫ్‌డీఏ సొంత నిపుణుల కమిటీలు 23–4 ఓట్లతో సరేనన్నాయి, సిబ్బందిలోని శాస్త్రవేత్తలూ సరేనన్నారు. 2004 మేలో పైఅధికారులు కాదన్నారు. చెప్పిన కారణం: పరీక్షలో పాల్గొన్న 585 మందిలో 14–16 ఏళ్ల వాళ్లు 29 మందే, 14 లోపువాళ్లు అసలు లేరు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చీటీ నుంచి మినహాయించిన మిగతా మందుల విషయంలో పిల్లలకు విడిగా ఇలాంటి లెక్క అడిగే ఆనవాయితీ లేదు. 2005లో ప్రభుత్వ జవాబుదారీ సంస్థ జీఏఓ ఫైళ్లు తెరిచి చూసి, ఈ నిర్ణయం జరిగిన తీరు అసాధారణమని రాసింది. 1994 నుంచి 2004 దాకా నిపుణులు సిఫారసు చేసిన 23 మందుల్లో ఎఫ్‌డీఏ తిరస్కరించింది ఇదొక్కటే. ఈ మందు వల్ల టీనేజీ పిల్లల్లో విచ్చలవిడితనం పెరుగుతుందన్న ఆందోళన సంస్థ లోపలి నోట్స్‌లో కూడా కనిపించింది. మందు పనితీరును తూచాల్సిన చోట ఆడపిల్లల నడవడికను తూచారన్నమాట, నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇది.

2005 ఆగస్టులో నిర్ణయాన్ని మళ్లీ వాయిదా వేసినప్పుడు సంస్థలో మహిళల ఆరోగ్య విభాగం అధిపతి సూసన్ వుడ్ రాజీనామా చేశారు. 2006లో 18 ఏళ్లు నిండినవాళ్లకు చీటీ అక్కర్లేదన్నారు. ఇక్కడే ఇంకో అడ్డు వచ్చింది. వయసు చూడాలి కాబట్టి మాత్రను కౌంటర్ వెనక పెట్టారు, గుర్తింపు కార్డు చూపిస్తేనే ఇచ్చేవారు. దాంతో 17 ఏళ్ల అమ్మాయికే కాదు, 35 ఏళ్లుండి ఆ పూట కార్డు దగ్గర లేని మనిషికీ, ఫార్మసీ కౌంటర్ మూసేశాక వచ్చిన మనిషికీ కూడా మందు దొరకలేదు. వయసు నిబంధన చిన్నపిల్లలకు మాత్రమే తగులుతుందని చాలామంది అనుకుంటారు, అది అందరికీ తగులుతుంది.

2009లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ కోర్మన్ ఆ వయసును 17కు దించమని, మిగతాది మళ్లీ ఆలోచించమని ఆదేశించారు. 2011 చివరికి ఎఫ్‌డీఏ కమిషనర్ మార్గరెట్ హ్యాంబర్గ్ ఏ వయసు వాళ్లకైనా అమ్మొచ్చని తేల్చారు. ఆరోగ్య మంత్రి కాథ్లీన్ సెబీలియస్ దాన్ని పక్కన పెట్టించారు, మందుల విషయంలో ఎఫ్‌డీఏ మాటను మంత్రి బహిరంగంగా కొట్టేయడం అదే మొదటిసారి. పదేళ్ల పిల్ల బబుల్ గమ్ పక్కన దీన్ని కొనుక్కోకూడదు కదా అని అధ్యక్షుడు ఒబామా కూడా ఆమెనే సమర్థించారు. గుర్తు పెట్టుకోండి, 2004లో అడ్డుపడింది ఒక పార్టీ ప్రభుత్వం, 2011లో అడ్డుపడింది ఇంకో పార్టీ ప్రభుత్వం. 2013 ఏప్రిల్‌లో కోర్మన్ మంత్రి నిర్ణయం రాజకీయమైనదని, శాస్త్రీయ ఆధారం లేనిదని తీర్పులో గట్టిగా రాశారు. జూన్‌లో ప్రభుత్వం అప్పీలు వదులుకుంది, ఒక్క మాత్ర ప్యాకెట్‌ను ఏ వయసు వాళ్లయినా కొనుక్కునే వీలు వచ్చింది. దరఖాస్తు పెట్టి అప్పటికి పదేళ్లు.

గొడవకు ఇంకో వేరు ఉంది, అది మందు డబ్బాలోని కాగితం. 1999లో అనుమతి ఇచ్చినప్పుడు, ఈ మందు ఫలదీకరణ జరిగిన అండం గర్భాశయంలో కుదురుకోకుండా కూడా చేయొచ్చు అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి అందులో చేర్చారు. రుజువై కాదు, అప్పటికి కొట్టిపారేయలేక. ఫలదీకరణతోనే ప్రాణం మొదలవుతుందని నమ్మేవాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలు, వాళ్ల నమ్మకం ప్రకారం అది అబార్షనే అవుతుంది, వాళ్ల బాధ దొంగ బాధ కాదు. తర్వాత చిలీలోనూ ఇతర చోట్లా పరిశోధకులు హార్మోన్ పరీక్షలు చేసి, అండం విడుదలకు ముందు వేసుకున్నవాళ్లలో గర్భాలు రాలేదని, విడుదలయ్యాక వేసుకున్నవాళ్లలో మామూలుగా ఎన్ని రావాలో దాదాపు అన్ని వచ్చాయని చూపించారు. కుదురుకోకుండా అడ్డుకునేదే అయితే రెండో గుంపులోనూ గర్భాలు తగ్గాలి కదా. ఎఫ్‌డీఏ ఆ వాక్యాన్ని సరిచేసింది 2022 డిసెంబరులో.

ఈ మధ్యలో ఆ అనుమానం కోర్టులకు ఎక్కింది. 2008లో చిలీ రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ మాత్ర పంచడాన్ని ఆపింది. 2009లో పెరూ కోర్టూ ఉచిత పంపిణీని నిలిపివేసింది, మందుల డబ్బాల్లోని కాగితాలను కూడా ఆధారంగా తీసుకుంది. రెండు చోట్లా ప్రైవేటు షాపుల్లో అమ్మకం ఆగలేదు. అంటే డబ్బున్న ఇంటి అమ్మాయి కొనుక్కుంది, ప్రభుత్వ ఆసుపత్రి తప్ప దిక్కులేని అమ్మాయి వట్టి చేతులతో వెళ్లింది. ప్రాణం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న మీద ఇచ్చిన తీర్పు, ఆచరణలో ఎవరి జేబులో ఎంత ఉందన్న దాని మీద ఇచ్చిన తీర్పయింది. చిలీ 2010లో చట్టం తెచ్చి సరిచేసుకుంది, పెరూకు 2023 దాకా పట్టింది. హోండురస్ అయితే 2009లో పూర్తిగా నిషేధించి, 2023 మార్చి 8న ఎత్తేసింది.

సులభంగా దొరకాలన్న వాళ్ల వైపు లెక్క కూడా చూడాలి. 1990లలో వాళ్లు పెద్ద ఆశే పెట్టారు, ఈ మాత్ర అందరికీ అందితే అబార్షన్లు సగానికి తగ్గుతాయన్నారు. అలా జరగలేదు. మాత్రను ముందే ఇంట్లో ఉంచుకునేలా ఇచ్చి చేసిన పరిశోధనల్లో, జనం మొత్తం మీద అనుకోని గర్భాలు తగ్గినట్టు కనబడలేదు, ఈ మాట ఉద్యమానికి దగ్గరగా ఉన్న పరిశోధకులే 2007లో రాశారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ వాడేవాళ్లు తక్కువ, వాడినా అండం విడుదల దాటిపోయి ఉండొచ్చు. అలాగే అవతలి వాళ్ల భయమూ నిజం కాలేదు: దగ్గర ఉంచుకున్నవాళ్లు కండోమ్ మానెయ్యలేదు, సుఖవ్యాధులు పెరగలేదు, 2005లో 2,117 మంది యువతులతో చేసిన పరీక్షలో ఇదే తేలింది. కాబట్టి దేశం లెక్కలు మారతాయని ఈ మాత్రను సమర్థించడం నేను మానేశాను. ఒక మనిషికి ఒక రాత్రి గడిచాక ఇంకో అవకాశం ఉండాలి, నాకు ఆ కారణం చాలు.

భారత్‌లో ఈ మాత్రకు 2002లో అనుమతి వచ్చింది, 2005లో చీటీ అక్కర్లేదన్నారు, పెద్దగా కోర్టు గొడవ లేకుండానే. 2007 తర్వాత టీవీ ప్రకటనలతోనే చాలామందికి తెలిసింది. అయినా చీటీ అక్కర్లేదన్న మాట కాగితం మీద ఉంటే సరిపోదు, షాపువాళ్లు తెప్పించాలి. తమిళనాడులో మందుల షాపుల్లో ఇది దొరకడం లేదని ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నాయి.

అండం విడుదల దగ్గరపడ్డాక కూడా మెరుగ్గా పనిచేసే యులిప్రిస్టల్ అనే మాత్ర 2009లో యూరప్‌కు వచ్చింది, ఐదు రోజుల దాకా వేసుకోవచ్చు. అన్నిటికంటే బాగా పనిచేసేది కాపర్ టీ, దాన్ని కూడా ఐదు రోజుల్లోపు వేయించుకోవాలి, కానీ అది ఎవరో ఒకరు లోపల అమర్చాల్సిందే. యూరోపియన్ కమిషన్ 2015లో యులిప్రిస్టల్‌కు చీటీ తీసేసింది, జర్మనీ కూడా అప్పుడే మారింది. పోలాండ్ తీసేసి, 2017లో మళ్లీ పెట్టింది. 2024 మార్చిలో 15 ఏళ్లు నిండినవాళ్లకు చీటీ లేకుండా ఇచ్చే బిల్లును అక్కడి అధ్యక్షుడు వీటో చేశారు. అప్పుడు ప్రభుత్వం చట్టం జోలికి పోకుండా, ఫార్మసిస్టే మాట్లాడి చీటీ రాసి ఇచ్చే ఏర్పాటు మే నుంచి మొదలుపెట్టింది. చీటీ ఉంది, కానీ దానికోసం సోమవారం దాకా కాచుకోనక్కర్లేదు, ఆ ఏర్పాటులో చేరిన ఫార్మసీ దగ్గర్లో ఉంటే.