డ్రాగన్ ఎందుకు నమ్మింది? క్రీచర్ యానిమేషన్ మీద అపోహలు - వాస్తవాలు

నేను చేసే పని క్రీచర్ యానిమేషన్. అంటే బయట ఎక్కడా లేని, సినిమాలో మాత్రమే ఉండే జంతువుకి నడక, చూపు, ఊపిరి ఇవ్వడం. హైదరాబాద్ స్టూడియోల్లో పనిచేసి, ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచే చేస్తున్నాను. ఇక్కడ నా పని గురించి అడిగేవాళ్లలో సగం మంది "కార్టూన్లే కదండీ" అంటారు. మిగతావాళ్లు "అయితే అదంతా కంప్యూటరే చేసుకుంటుందన్నమాట" అంటారు. మనిషికీ జంతువుకీ మధ్య నమ్మకం మీద నడిచే ఫాంటసీ సినిమాలంటే ఇలాంటి మాటలు ఇంకా ఎక్కువ. నన్ను ఎక్కువగా అడిగేది 2010లో డ్రీమ్‌వర్క్స్ స్టూడియో తీసిన 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' (హికప్ అనే కుర్రాడికీ, టూత్‌లెస్ అనే డ్రాగన్‌కీ స్నేహం కుదిరే కథ) గురించి కాబట్టి ఉదాహరణలు చాలావరకు దాన్నుంచే తీసుకుంటాను. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి, క్లైమాక్స్‌తో సహా చెప్పేస్తున్నాను.

అపోహ: అంతా కంప్యూటరే చేస్తుంది

కంప్యూటర్ చేసేది లెక్కలు. చర్మం మీద వెలుగు ఎలా పడాలి, నీళ్లు ఎలా చిందాలి లాంటివి దానికి అప్పజెప్పొచ్చు. డ్రాగన్ తల ఎప్పుడు ఎత్తాలి, ఎత్తేముందు ఎంతసేపు ఆగాలి, అనుమానంగా ఎత్తాలా, ఆత్రంగా ఎత్తాలా అన్నది మాత్రం మనిషే తేల్చాలి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. పెద్ద సినిమాల్లో ఒక యానిమేటర్ వారమంతా కూర్చుంటే మూడు నాలుగు సెకన్లు వస్తే బాగా వచ్చినట్టే.

కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లకి మా పని చెప్పడం తేలిక. బొమ్మ చేయి ఒకే ముక్క కాదు. భుజం దగ్గర, మోచేయి దగ్గర విడివిడిగా కోసి, దారంతో కలిపి, బద్ద కట్టి ఆడిస్తారు. మేం రిగ్ అనేది అదే. డ్రాగన్ రిగ్‌లో అలాంటి కీళ్లు, వాటిని తిప్పే కంట్రోళ్లు వందల్లో ఉంటాయి. బద్ద పట్టేవాడు లేకపోతే తోలుబొమ్మ ఎలా వేలాడుతుందో, మా డ్రాగన్ కూడా స్క్రీన్ మీద కొయ్యలా నిలబడిపోతుంది.

అపోహ: నటుడికి సెన్సార్లు కట్టి నటింపజేస్తే అయిపోతుంది

రెండు కాళ్ల మీద నడిచే పాత్రకి అది బాగా పనికొస్తుంది. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు, ఒక తోక ఉన్నదానికి ఏ నటుణ్ని తెస్తారు? అలాంటివి చేత్తో, ఒక్కో భంగిమ పెట్టుకుంటూ చేసుకోవాల్సిందే.

అపోహ: లేని జంతువే కదా, ఎలా కదిలినా చెల్లుతుంది

మా పనిలో అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఇదే. కొత్తగా నేర్చుకునేవాళ్లలో నూటికి తొంభై మందికి ఉంటుంది. లేని జంతువు కాబట్టే ప్రేక్షకుడు మరింత జాగ్రత్తగా చూస్తాడు. రూపం కొత్తది, కదలికైనా తెలిసినది కాకపోతే బుర్ర ఒప్పుకోదు. ఆ సినిమాలో నల్ల డ్రాగన్ టూత్‌లెస్ కళ్లు గమనించండి. బెదిరినప్పుడు కంటిపాప సన్నని గీతలా ఉంటుంది, కుదుటపడ్డాక గుండ్రంగా విచ్చుకుంటుంది. గీతలా సన్నబడి, గుండ్రంగా విచ్చుకునే ఆ కంటిపాప మన ఇంట్లో పిల్లిదే. పిల్లి, కుక్క, గుర్రం లాంటి వాటిని చూసి కట్టిన ప్రవర్తన అది. దాని గొంతులో కూడా ఏనుగు, గుర్రం, పులి గొంతులతో పాటు సౌండ్ డిజైనర్ ర్యాండీ థామ్ సొంత గొంతు కలిసింది.

అందుకే నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లని సాఫ్ట్‌వేర్ తెరవనివ్వకుండా ముందు కాలవగట్టుకి పంపిస్తాను. మధ్యాహ్నం నీళ్లలో పడుకున్న గేదె సాయంత్రం గట్టెక్కడం చూడాలి. ముందు ఒక కాలు బురదలో పెట్టి, జారుతుందేమో చూసుకుని, అప్పుడు బరువు వేస్తుంది. భుజం పైకి లేచిన కాసేపటికి గానీ పొట్ట కదలదు. పైకి వచ్చి ఆగాక కూడా పొట్ట ఒక ఊపు ఊగి సర్దుకుంటుంది. తోక అన్నిటికన్నా ఆఖరు. బరువు అంటే ఇదే, దీన్ని ఏ బటనూ ఇవ్వదు. ఇంకొకటి ఉంది. ఇంటివాళ్లు దూరం నుంచి కేక వేస్తే గేదె వెంటనే తల తిప్పదు. ముందు ఆ వైపు చెవి ఒక్కటి తిరుగుతుంది. తర్వాత కన్ను, ఆ తర్వాత మెడ. కాళ్లు కదలడం దాని ఇష్టం. మన జంతువు మనిషి మాట విన్నదని చెప్పాలంటే ఈ వరస చాలు, డైలాగు అక్కర్లేదు.

ఎగిరేవాటికి కొల్లేరు వెళ్లండి. కైకలూరు దగ్గర ఆటపాకలో పెలికాన్లని, అదే మన గూడబాతుల్ని, నీళ్ల మీద నుంచి లేచేటప్పుడు చూస్తే పెద్ద ఒళ్లున్న జీవి గాల్లోకి లేవడం ఎంత కష్టమో తెలుస్తుంది. రెండు పాదాలతో నీటిని తన్నుకుంటూ, రెక్కలు కొట్టుకుంటూ కొంత దూరం పోయాకే లేస్తుంది. లేచాక రెక్క కిందికి కొట్టినప్పుడల్లా ఒళ్లు కాస్త పైకి, రెక్క పైకి తీసినప్పుడు కాస్త కిందికి పోతుంది. కొత్తవాళ్లు చేసిన డ్రాగన్ తీగకి కట్టినట్టు ఒకే ఎత్తులో పోతూ ఉంటుంది, రెక్కలు మాత్రం ఊపుతుంది!

భీమవరం, ఆకివీడు చెరువుల మీద తిరిగే గద్దని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. రెక్కలు దాదాపు కదపకుండానే తోకని అటూ ఇటూ మెలితిప్పుతూ దారి మార్చుకుంటుంది. సినిమా కథకి ఇరుసు సరిగ్గా ఇక్కడే ఉంది. టూత్‌లెస్ తోకకి రెండు పక్కలా ఉండాల్సిన రెక్కల్లో ఎడమది పోయింది. ఒంట్లో బలం ఉంది, పెద్ద రెక్కలు రెండూ ఉన్నాయి, అయినా లోయ దాటి పైకి పోలేదు. కట్టుకథే గానీ, గద్దని చూసినవాడికి ఎక్కడా అబద్ధం అనిపించదు.

అపోహ: జంతువు మాట్లాడితేనే మనసుకి హత్తుకుంటుంది

ఆ సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే సీన్ ఒకటుంది. కుర్రాడు ఇసుకలో పుల్లతో డ్రాగన్ బొమ్మ గీస్తాడు. అది చూసి డ్రాగన్ ఒక చెట్టుకొమ్మ పీక్కొచ్చి నేలంతా పిచ్చిగీతలు గీసి, పెద్ద పనైనట్టు నిలబడుతుంది. కుర్రాడు గీత తొక్కితే గుర్రుమంటుంది. కాలు తీసేస్తే ఊరుకుంటుంది. అతను గీతలు తొక్కకుండా అడుగులు వేసుకుంటూ తెలియకుండానే దాని దగ్గరికి వచ్చేస్తాడు. తర్వాత చెయ్యి చాపి, తల పక్కకి తిప్పేసుకుంటాడు. ఒక్క క్షణం ఆగి డ్రాగన్ తన ముక్కు అతని అరచేతికి ఆనిస్తుంది. జాన్ పావెల్ సంగీతం తప్ప మాటలు లేనట్టే.

ఇందులో కుర్రాడు తల తిప్పేసుకోవడమే కీలకం. ఎదురుగా కళ్లలోకి చూస్తే చాలా జంతువులకి అది బెదిరింపు. చూపు తప్పించి చెయ్యి ఇస్తే 'నీకు ఇష్టమైతేనే రా' అని చెప్పినట్టు. కొత్త గేదెని కొనుక్కొచ్చినప్పుడు మన ఆడవాళ్లు ఎదురుగా పోకుండా పక్కనుంచి వెళ్లి మెడ నిమురుతారు, ఎవరూ నేర్పకుండానే. దర్శకులు క్రిస్ శాండర్స్, డీన్ డుబ్లా ఆ ఆగడాన్ని తొందరపెట్టలేదు. ఇంకొకరైతే అక్కడ ఒక జోకు పెట్టేవాళ్లు.

మనవాళ్లకి ఇది కొత్తా అంటే కాదు. 2012లో రాజమౌళి తీసిన 'ఈగ'లో ఈగకి మాట లేదు, మనిషి మొహం లేదు. మకుట అనే గ్రాఫిక్స్ స్టూడియో వాళ్లు దాని కోపం, ప్రేమ అంతా ఒంటితోనే చేయించారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇప్పటికీ మనవాళ్లు కథలు పట్టుకొచ్చి "ఈ ఏనుగుకి కమెడియన్‌తో డబ్బింగ్ చెప్పిద్దామండి" అంటే నాకు నీరసం వస్తుంది.

అపోహ: విశ్వాసం అంటే చెప్పిన మాట వినడం

కథలు రాసేవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. హీరో ఈల వేయగానే జంతువు పరిగెత్తుకొచ్చి విలన్ని పడగొడితే విశ్వాసం చూపించేశాం అనుకుంటారు. అది చూపించేది శిక్షణ. సంక్రాంతి ముందు భీమవరం చుట్టుపక్కల పుంజుని చంకలో పెట్టుకుని తిరిగే పెద్దమనుషుల్ని చూస్తూనే ఉంటాం. పుంజు కిక్కురుమనదు. బాదంపప్పు పెట్టారు, నీళ్లు పోశారు, నిమిరారు. అది అలవాటుపడింది, అంతే. చివరికి దాన్ని ఎక్కడికి తీసుకెళ్తారో దానికి తెలియదు. దాన్ని నమ్మకం అనడానికి నాకు నోరు రాదు.

విశ్వాసం తెర మీద కనపడాలంటే జంతువుకి వెళ్లిపోయే వీలుండాలి. వీలుండి కూడా వెళ్లకపోవాలి. టూత్‌లెస్ తోక పోగొట్టింది ఆ కుర్రాడు హికప్పే, తను చేసిన యంత్రంతో పడగొట్టి. తర్వాత తనే కొత్త తోక చేసి కట్టాడు. అయితే దాన్ని తిప్పాలంటే వీపు మీద హికప్ కూర్చుని పెడల్ తొక్కాలి. అంటే మొదటి సినిమా అంతా డ్రాగన్‌కి వేరే దారి లేదు. 'ఒంటరిగా ఎగరలేదు కాబట్టే ఉంది' అని ఎవరైనా వాదించొచ్చు. క్లైమాక్స్‌లో కుర్రాడికి ఎడమ కాలు పోయి, ఇద్దరికీ ఒక్కో లోటు వచ్చి లెక్క సమానమైనా ఆ ప్రశ్న మిగిలే ఉంది.

దానికి జవాబు 2011లో వచ్చిన చిన్న సినిమా 'గిఫ్ట్ ఆఫ్ ద నైట్ ఫ్యూరీ'లో ఇచ్చారు. హికప్ ఈసారి దానంతటది తిరిగే తోక చేసి పెడతాడు. డ్రాగన్ ఎగిరిపోతుంది, రోజులు గడిచినా రాదు. కుర్రాడు దిగులుపడతాడు. చివరికి వస్తుంది. వచ్చి ఆ కొత్త తోకని నేలకేసి కొట్టి పగలగొట్టి, పాతదే కట్టమని తెచ్చి ఇస్తుంది. అసలు సినిమా కన్నా ఈ అరగంట లోపు సినిమానే నాకు గొప్పగా అనిపిస్తుంది. 2019లో మూడో భాగంలో కుర్రాడి వంతు. ఈసారి వదిలిపెట్టేది అతను.

విశ్వాసం లేకపోవడాన్ని కూడా అంతే నిజాయితీగా చేయాలి. 2012 నాటి 'లైఫ్ ఆఫ్ పై'లో పులి రిచర్డ్ పార్కర్‌ని చాలావరకు కంప్యూటర్‌లోనే తయారుచేశారు. రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో చేసింది, హైదరాబాద్ బ్రాంచిలో మనవాళ్లూ పనిచేశారు. సముద్రంలో అన్ని రోజులు కలిసి బతికిన కుర్రాణ్ని ఒడ్డుకి చేరాక ఆ పులి వెనక్కి తిరిగైనా చూడదు. అడవి అంచున కాసేపు ఆగుతుంది, వెళ్లిపోతుంది. ఆ ఆగిన కాసేపు చేయడానికి ఎంత నిగ్రహం కావాలో యానిమేటర్లకి తెలుస్తుంది. తల ఒక్క డిగ్రీ తిప్పినా కథ మారిపోయేది.

ఇక మనిషి వైపు నుంచి చూడాలంటే మన గోదావరి లంకలకి, అంటే నది మధ్య దీవి ఊళ్లకి, మించిన చోటు లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత వరద రానక్కర్లేదు, ఏ వరదకైనా పడవ గుమ్మం దాకా వచ్చినా "గొడ్లని వదిలి మేమెక్కడికి రాం" అనేవాళ్లు లంకల్లో ఉంటారు. ముందు పశువుల్ని ఏటిగట్టు ఎక్కించి, తర్వాతే బియ్యం, బట్టలు. గట్టు మీద కొత్త చోట కట్టేసిన గేదె చాలాసార్లు మేత ముట్టదు. పలుపు లాగుతూ నీళ్ల వైపే, ఇల్లున్న వైపే తిరుగుతూ ఉంటుంది. ఇంటావిడ వచ్చి పక్కన కూర్చుంటే అప్పుడు మూతి కిందికి దించుతుంది. ఫాంటసీ రాయాలనుకునేవాళ్లు ఐస్‌లాండ్ కొండలు ఊహించుకోవడం మానేసి ఒక వరద రోజు గట్టు మీద నిలబడి చూస్తే బాగుంటుంది.

అపోహ: పిల్లల సినిమాలు

కాలు పోయిన హీరో, బిడ్డని అర్థం చేసుకోలేని తండ్రి ఉన్న కథ పిల్లలకి మాత్రమే ఎలా అవుతుంది? 2025లో 'మహావతార్ నరసింహ' అనే యానిమేషన్ సినిమా తెలుగు థియేటర్లలో ఆడినప్పుడు హాల్లో పెద్దవాళ్లు ఎంతమంది కూర్చున్నారో అందరూ చూశారు.

అపోహ: రెక్కల జంతువుతో స్నేహం మన కథ కాదు

జటాయువు ఎవరండీ? దశరథుడితో స్నేహం, సీతమ్మ కోసం రావణుడితో యుద్ధం, రెక్కలు తెగి పడడం. తోలుబొమ్మలాటలో చిన్నప్పుడు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: వందల కోట్లు లేకపోతే ఇలాంటి సినిమా తీయలేం

డ్రీమ్‌వర్క్స్ స్థాయిలో తీయాలంటే వందల కోట్లు కావాలి, నిజమే. కానీ 2025లో ఉత్తమ యానిమేషన్ సినిమాగా ఆస్కార్ కొట్టింది లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో'. ఒక పిల్లి, కుక్క, ఇంకొన్ని జంతువులు, ఊరంతా ముంచేసిన వరద, ఒక పడవ. ఒక్క మాట కూడా ఉండదు. తయారుచేసింది బ్లెండర్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగే సాఫ్ట్‌వేర్‌లో. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు మన లంకలే కనిపించాయి, కాస్త అసూయ కూడా వేసింది.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇంక ఈ పని ఉండదు

టెన్షన్ నాకూ ఉంది, లేదని చెప్పను. నడిచే డ్రాగన్‌ని ఏఐ ఇస్తుంది. "బాగుంది, కానీ రెండో అడుగు దగ్గర ఇంకొంచెం సందేహించాలి, మిగతాదంతా అలాగే ఉండాలి" అని దర్శకుడు అన్నప్పుడే ఇబ్బంది. మా పనిలో ఎక్కువ భాగం ఆ రెండో అడుగే.

అపోహ: కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం

"మావాడు బొమ్మలు బాగా వేస్తాడండీ, ఎక్కడ చేర్పించమంటారు" అని తల్లిదండ్రులు అడుగుతారు. బొమ్మ రావడం మంచిదే. నరసాపురంలో పుట్టిన బాపు గారు తన సినిమాల షాట్లు ముందే బొమ్మలుగా వేసుకునేవారు, ఆ అలవాటు ఎవరికైనా పనికొస్తుంది. కానీ సర్టిఫికెట్‌ని స్టూడియోలో ఎవరూ చూడరు. ఈ రంగంలో నిలకడ కూడా తక్కువ. 'లైఫ్ ఆఫ్ పై'కి ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందే, 2013 ఫిబ్రవరిలో, రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద గ్రాఫిక్స్ సంస్థ కూలిపోయినప్పుడు మన దేశంలోని ఆఫీసులూ మూతపడ్డాయి. ఫీజు కట్టేముందు ఇంట్లో ఈ మాట కూడా మాట్లాడుకోండి.

స్టూడియోలు చూసేది షో రీల్, అంటే మీరు చేసిన షాట్లు కలిపిన చిన్న వీడియో. నిమిషం దాటక్కర్లేదు. డ్రాగన్ నిప్పులు కక్కే షాట్లు వాళ్లు రోజూ వందల్లో చూస్తారు. బరువున్న నడక ఒకటి, లేచి ఎగరడం ఒకటి, మనిషీ జంతువూ ఒకరినొకరు మొదటిసారి గమనించుకునే షాట్ ఒకటి పెట్టండి. మూడిట్లో బాగా వచ్చినది ముందు పెట్టండి. మోడల్, అంటే జంతువు త్రీడీ బొమ్మ, ఇంటర్నెట్ నుంచి తెచ్చుకున్నా తప్పులేదు. మోడల్ ఎవరిదో, మీరు చేసిందేమిటో కింద స్పష్టంగా రాయండి, పక్కనే మీరు చూసి చేసిన గేదె వీడియో కూడా చిన్నగా పెట్టండి.