లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టారని అలిగిన పిల్లకి, తక్కిన పిల్లలకి

శ్రీకాకుళం,
శ్రావణ మాసం.

పిల్లలూ,

మీరు నలుగురూ కలిసి రాసిన ఉత్తరంలో ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు రాస్తున్నాను. ఆ అక్షరాలు చూస్తే రాసిన పిల్ల బాగా నొచ్చుకున్నట్టుంది. "నేను ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ ఆడేదాన్ని. పీఈటీ మేష్టారు లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టేశారు. అక్కడుంటే గోలు కొట్టేదెప్పుడు తాతా? ఆ చోట ఆడినోళ్ళు ఎవరైనా పెద్ద ప్లేయర్లయ్యారా?"

అయ్యారమ్మా. 1970లో ప్రపంచకప్పు అందుకున్న బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో రైట్ బ్యాక్. 2002లో అందుకున్న కఫూ కూడా రైట్ బ్యాకే. 1994, 1998, 2002 ఫైనళ్ళు మూడింటిలోనూ మైదానంలో దిగినవాడు అతనొక్కడే. 2014లో కప్పెత్తిన జర్మనీ కెప్టెన్ ఫిలిప్ లామ్ అంచు కాసే ఫుల్‌బ్యాక్‌గానే పేరు తెచ్చుకున్నాడు. 2020లో మహిళల్లో ఫిఫా ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఇంగ్లండ్ రైట్ బ్యాక్ లూసీ బ్రాంజ్‌కి వచ్చింది. మహిళల్లో ఒక డిఫెండర్‌కి ఆ బహుమతి రావడం అదే మొదలు. మన దేశం జట్టులో డాలిమా ఛిబ్బర్ ఆడింది కూడా వెనక వరసలోనే. కాబట్టి మేష్టారి మీద అలక మానెయ్.

చిన్నవాళ్ళకి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. గోల్‌కీపర్ ముందు నలుగురు వరసగా ఉంటారు. మధ్యలో ఇద్దరు స్టాపర్లు, చెరో అంచున ఒక్కో ఫుల్‌బ్యాక్. పాత లెక్కలో రైట్ బ్యాక్‌ది 2 నంబరు చొక్కా, లెఫ్ట్ బ్యాక్‌ది 3. పెద్ద మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ పొడవంతా ఈ ఇద్దరూ పైకీ కిందికీ తిరగాలి. పెద్ద మ్యాచిలో ఒక్కొక్కరు 10 కిలోమీటర్ల వరకూ తిరుగుతారు. అందులో ఒళ్ళు వంచి తీసే పరుగు చాలా ఉంటుంది.

ఇవి ఉభాల (వరినాట్ల) రోజులు. గెడ్డ (వాగు) పక్కన మడి ఉన్న రైతు చీకట్లో కూడా పార భుజాన వేసుకుని గట్టు మీద తిరగడం మీరు రోజూ చూస్తున్నదే. అతనికి పనులు రెండు. పైనుంచి వచ్చే వరద మడిలో పడకుండా గట్టు కాయాలి. తన మడికి నీరు కావలసినప్పుడు మాత్రం తానే గట్టుకి గండి కొట్టి, కావలసినంత పారించుకుని, వెంటనే పూడ్చాలి. ఫుల్‌బ్యాక్ పని అచ్చంగా ఇదే. మొదటి పని రానివాడు ఆ చోట నిలవడు. రెండోది రానివాడికి ఈ కాలంలో పెద్ద జట్టులో చోటు దొరకదు.

ముందు గట్టు కాయడం. ఉరవడిగా వస్తున్న నీటికి ఎదురెళ్ళి పారతో కొడితే నీరు ఆగదు, చుట్టూ తిరిగి పోతుంది. తెలిసిన రైతు దారి మళ్ళిస్తాడు. అవతలి జట్టు వింగర్, అంటే అంచు వెంట దాడికొచ్చే పిల్ల, వస్తున్నప్పుడు నువ్వూ అలాగే చెయ్యి. బంతి ఆ పిల్ల కాలికి చేరేలోపు వేగంగా దగ్గరికి పో. ఆఖరి మూడు నాలుగు మీటర్లలో అడుగులు చిన్నవి చేసి, ఒకటిన్నర మీటరు ఎడంలో ఆగు. మోకాళ్ళు కొంచెం వంచి, బరువు మునివేళ్ళ మీద పెట్టు. నువ్వు లెఫ్ట్ బ్యాక్‌వి కాబట్టి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) నీ ఎడమచేతి వైపు ఉంటుంది. కుడికాలు ముందుకి, ఎడమకాలు వెనక్కి పెట్టి ఒళ్ళు లైను వైపు తిప్పు. అప్పుడు గోలు వైపు దారి మూసుకుంటుంది, లైను వైపు దారే మిగులుతుంది. ఆ పిల్ల అటే పరిగెత్తుతుంది. నువ్వు ముందే అటు తిరిగి ఉన్నావు కాబట్టి వెనకపడవు.

కాలు ఎప్పుడు వెయ్యాలంటే, బంతి ఆ పిల్ల కాలికి ఒక అడుగు దూరం జరిగినప్పుడు. అంతకుముందు వేశావా, తప్పించుకుని పోతుంది, నీ వెనక ఎవరూ ఉండరు. కొత్తవాళ్ళంతా చేసే తప్పు ఇదే. పాదం మొత్తం నేలకి ఆనించి నిటారుగా నిలబడడం రెండో తప్పు. వెనక్కి జరిగేటప్పుడు కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడడం మూడోది. వింగర్ మొహం, భుజాలు చూడొద్దు. అవి ఎటైనా ఊగుతాయి. చూపు బంతి మీదే ఉండాలి.

బంతి అవతలి అంచున ఉందనుకో. ఇక్కడ కాపలా కాస్తే చాలదు, నీరు ఎక్కడ పల్లముంటే అక్కడికే పోతుంది. ఆ పల్లం నీకూ నీ స్టాపర్‌కీ మధ్యనున్న ఖాళీ. లైను వదిలి పెనాల్టీ బాక్సు వెడల్పులోకి జరుగు. నువ్వు కాయాల్సిన వింగర్‌నీ బంతినీ ఒకే చూపులో చూడగలిగేలా ఓరగా నిలబడు. రెండు మూడు సెకన్లకోసారి భుజం మీదుగా వెనక్కి చూడు. అవతలి అంచునుంచి ఎత్తుగా వచ్చే క్రాస్ నీ తల వెనకే పడుతుంది. చూడనివాళ్ళకి అది గోలయ్యాకే తెలుస్తుంది. ఇంకొకటి, మిగతా ముగ్గురూ ముందుకి జరిగితే నువ్వూ జరగాలి. నువ్వొక్కదానివి వెనక ఉండిపోతే అవతలి ఫార్వర్డ్‌లెవరూ ఆఫ్‌సైడ్ కారు (డిఫెండర్ల వరస దాటి ముందే నిలబడిన తప్పు వాళ్ళకి పడదు). మ్యాచిలో లైన్స్‌మన్ జెండా ఎత్తలేదని అరిచే వాళ్ళు ముందు తమ ఫుల్‌బ్యాక్ ఎక్కడున్నాడో చూసుకోవాలి.

ఇక గండి కొట్టడం. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. నీ జట్టు వింగర్ బంతితో లోపలికి మళ్ళాక, ఖాళీ అయిన లైను వెంట, ఆమె వెనకనుంచి బయటి వైపుగా నువ్వు దూసుకుపోవాలి. ముందే పోతే ఆ ఖాళీని నువ్వే పాడు చేసినట్టు. ఆమె తల ఎత్తే క్షణానికి నువ్వు వేగంలో ఉండాలి. గోలు గీత దాకా వెళ్ళగలిగితే బంతిని ఎత్తి వెయ్యకు. నేలబారుగా వెనక్కి, పెనాల్టీ చుక్క దిక్కుగా తొయ్యి. అక్కడికి పరిగెత్తుకొచ్చే నీ వాళ్ళు గోలు చూస్తూ వస్తారు, అవతలి డిఫెండర్లు తమ గోలు వైపు పరిగెత్తుతూ వాళ్ళకి వీపు తిప్పి ఉంటారు.

నువ్వు పోతే అటు రైట్ బ్యాక్ ఆగాలి. రెండు గట్లూ ఒకేసారి తెగ్గొట్టిన మడిలో ఏం మిగులుతుంది? బంతి పోయిందని తెలిసిన క్షణమే వెనక్కి తిరుగు. ఆ పరుగు బంతి వెంట తియ్యకు. మీ గోలు దగ్గరి స్తంభం వైపు ఏటవాలుగా తియ్యి. నీరు ఎక్కడికి చేరబోతుందో అక్కడికి ముందు చేరాలి.

ఈ రెండు పనులూ ఒకే గోలులో చూడాలంటే 1970 ప్రపంచకప్పు ఫైనల్ చూడండి. మెక్సికో నగరంలో అజ్టెకా స్టేడియం. బ్రెజిల్ కెప్టెన్ రైట్ బ్యాక్ కార్లోస్ అల్బెర్టో, ఇటలీ కెప్టెన్ లెఫ్ట్ బ్యాక్ ఫాకెట్టి. ఇద్దరిదీ ఒకే అంచు, ఎదురెదురు. ఫాకెట్టి తక్కువవాడు కాదు. లెఫ్ట్ బ్యాక్ ముందుకెళ్ళి గోల్స్ కొట్టొచ్చని ఇటలీకి చూపించినవాడు. ఆ రోజు అతనికి అప్పగించిన పని బ్రెజిల్ వింగర్ జైర్‌జిన్యో వెంట తిరగడం. జైర్‌జిన్యో తన కుడి అంచు వదిలేసి మైదానం అడ్డంగా దాటి ఎడమ వైపు పోయాడు. ఫాకెట్టి అతని వెంట పోయాడు. ఇటలీ గట్టు అక్కడ తెగిపోయింది, కాసేవాడు లేడు. జైర్‌జిన్యో బంతిని పెలేకి ఇచ్చాడు. పెలే తొందరపడకుండా, చూడకుండానే అన్నట్టు, కుడి వైపు ఖాళీలోకి మెల్లగా తోశాడు. కార్లోస్ అల్బెర్టో పరిగెత్తుకొచ్చి, బంతిని ఆపకుండానే కొట్టాడు. 86వ నిమిషం. 4-1. ఆ గోలు ఎన్నిసార్లు చూసినా నాకు ఇంకా ఆశ్చర్యమే. పెలే బంతి తోసేటప్పటికి ఆ చోట ఎవరూ లేరు మరి.

ఇప్పుడు బతుకు సంగతి. ఫుల్‌బ్యాక్‌గానే ఆట మొదలెట్టేవాళ్ళు తక్కువ. చాలామంది వేరే చోటునుంచి పంపబడినవాళ్ళే. ఫాకెట్టి చిన్నప్పుడు ఫార్వర్డ్. లివర్‌పూల్‌లో పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్-ఆర్నాల్డ్ పిల్లల జట్లలో మిడ్‌ఫీల్డర్. ఎడమకాలి వాటం ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి లెఫ్ట్ బ్యాక్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కుడికాలి వాటమున్నా పర్వాలేదు. లామ్‌ది కుడికాలే, ఎత్తు 170 సెంటీమీటర్లు. 2006 ప్రపంచకప్పు మొదటి మ్యాచిలో కోస్టారికా మీద ఆరో నిమిషంలో, ఎడమ అంచునుంచి లోపలికి మళ్ళి, కుడికాలితో అవతలి మూలకి కొట్టాడు. ఆ ప్రపంచకప్పులో తొలి గోలు అది. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతూ కొట్టిన గోలమ్మా.

ఆండ్రూ రాబర్ట్‌సన్ అని స్కాట్లండ్ లెఫ్ట్ బ్యాక్ ఒకడున్నాడు. చిన్నగా ఉన్నాడని సెల్టిక్ క్లబ్బు పదిహేనేళ్ళ ప్రాయంలో వదిలేసింది. జీతం లేని క్వీన్స్ పార్క్ జట్టులో, స్కాట్లండ్ నాలుగో మెట్టు లీగులో 2012-13 సీజను ఆడాడు. పూట గడవడానికి హాంప్డెన్ పార్క్ స్టేడియంలో టికెట్ల ఫోన్లు ఎత్తాడు. 2013లో డండీ యునైటెడ్, 2014లో హల్, 2017లో లివర్‌పూల్, 2018లో తన దేశానికి కెప్టెన్, 2019లో చాంపియన్స్ లీగ్ విజేత. పదిహేనేళ్ళప్పుడు ఎవరో వద్దన్నారని ఆట మానకండి.

మన వాళ్ళనీ మరిచిపోకూడదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద ఎక్కువమంది చెప్పుల్లేని కాళ్ళతోనే ఆడారు. 2-1తో ఓడాం. ఆ జట్టులో ఫుల్‌బ్యాక్ మోహన్ బగాన్ క్లబ్బు శైలేన్ మన్నా. ఆనాడు పెనాల్టీ తప్పిన మనిషే 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో కెప్టెన్‌గా బంగారం పట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు వెనక వరసలో హైదరాబాదు అజీజుద్దీన్ ఉన్నాడు. జట్టుకి శిక్షణ ఇచ్చిన రహీం గారూ హైదరాబాదు వారే, బడిపంతులు.

కాగితాల విషయం కూడా రాస్తాను, దీన్ని అమ్మానాన్నలకి చదివి వినిపించండి. పుట్టినతేదీ ధ్రువపత్రం బడి రికార్డుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. 17 ఏళ్ళలోపు, 15 ఏళ్ళలోపు పోటీలన్నీ దానిమీదే నడుస్తాయి, బడి జట్లు ఆడే సుబ్రతో కప్పు కూడా. వయసు తగ్గించి రాయించడం పాపం కూడా, నష్టం కూడా. ఫిఫా నియమం ప్రకారం 18 నిండనివాళ్ళతో మూడేళ్ళకి మించి ప్రొఫెషనల్ ఒప్పందం చెల్లదు. పెద్దవాళ్ళకి మామూలుగా ఐదేళ్ళు హద్దు. ఆటగాణ్ణి డబ్బిచ్చి వేరే దేశపు క్లబ్బు కొనుక్కుంటే, అందులో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ళదాకా అతన్ని తయారుచేసిన క్లబ్బులకి పంచాలి. అందుకే ఏ ఏడు ఏ క్లబ్బులో పేరు నమోదయిందో ఆ కాగితం దాచండి. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకండి. చదవడానికి చదువు కావాలి, బడి మానొద్దు.

దెబ్బల్లో ఈ చోట ఆడేవాళ్ళకి ఎక్కువగా వచ్చేది తొడ వెనక కండరం పట్టేయడం. పూర్తి వేగంలో వెళ్ళి ఆగడం, మళ్ళీ లేవడం దానికి కారణం. ఆటకి ముందు 20 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించండి. మోకాళ్ళ మీద కూర్చుని, స్నేహితురాలు చీలమండలు గట్టిగా పట్టుకుంటే, నడుం వంచకుండా మెల్లగా ముందుకి ఒరగడం, ఆపలేనప్పుడు చేతులానించడం ఒక మంచి కసరత్తు. మొదట్లో మూడు నుంచి ఐదుసార్లు చాలు. నొప్పి ఉన్న రోజు చెయ్యకండి. ముప్ఫై దాటాక వేగం తగ్గుతుంది. అప్పుడు చూపూ నిలబడే తీరూ బాగున్నవాళ్ళు లోపలికి జరిగి స్టాపర్‌గా ఇంకొన్నేళ్ళు ఆడతారు. మిలాన్ లెఫ్ట్ బ్యాక్ మాల్దీనిది కూడా కుడికాలే. అలా జరిగి, 2009లో నలభై ఏళ్ళ వయసులో మానేశాడు.

ఇంకా థ్రో-ఇన్ గురించి, కార్నర్ దగ్గర ఎక్కడ నిలబడాలన్న దాని గురించి రాయలేదు. అవి మేష్టారిని అడగండి.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. పెద్ద జట్లు ఆడే మ్యాచికి వెళ్ళి, గోలు వెనక కాకుండా టచ్‌లైన్ పక్కన కూర్చోండి. పది నిమిషాలు బంతిని చూడకండి. దగ్గరున్న ఫుల్‌బ్యాక్‌నొక్కణ్ణే చూడండి. భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశాడు, ఎన్నిసార్లు పైకి పోయాడు, పోయినప్పుడు అవతలి అంచు ఫుల్‌బ్యాక్ ఎక్కడ ఆగాడు, ఒక నోటుబుక్కులో గీతలు పెట్టుకోండి. ఆ నోటుబుక్కు ఇక్కడికి తెండి, కలిసి చూద్దాం.

మీ తాతయ్య