ఛీ: అన్నం ఆవిరి నుంచి ‘ప్రాణశక్తి’ దాకా

చైనా వైద్యం గురించి తెలుగులో ఎవరు రాసినా ‘ఛీ’ పక్కన ‘ప్రాణశక్తి’ అని అర్థం పెట్టడం అలవాటైపోయింది. రోమన్ లిపిలో క్యూ, ఐ అక్షరాలతో రాస్తారు కాబట్టి దాన్ని ‘క్వి’ అని చదివేవాళ్లూ ఉన్నారు. అసలు పలుకుబడి ‘ఛీ’కి దగ్గర. మన చెవికి అది ఛీత్కారంలా వినపడటం చైనావాళ్ల తప్పు కాదు. జపాన్‌లో ఇదే మాట ‘కి’ అయింది. చేతులు ఆనించి చేసే రేకీ చికిత్సలో, ఐకిడో అనే కుస్తీ విద్యలో ఉన్నది అదే.

ఇందులో ‘శక్తి’ అన్న సగం మాత్రం చాలా కొత్తది. చైనాలో పనిచేసి వచ్చిన ఫ్రెంచి దౌత్యవేత్త జార్జ్ సూలియే ద మొరాన్ 1939లో ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చి చేసే వైద్యం) మీద పుస్తకం వేస్తూ ఛీని ‘ఎనర్జీ’ అని తర్జుమా చేశాడు. ఆ మాట యూరప్‌లో పాతుకుపోయి, ఇంగ్లిషు మీదుగా మన దాకా వచ్చింది. పాత చైనా వైద్య గ్రంథాల్లో భౌతికశాస్త్రం చెప్పే శక్తి లాంటి భావన లేదని జర్మన్ పండితుడు పాల్ ఉన్‌షుల్ట్ వంటివారు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ‘శక్తి అయితే మీటరుకు దొరకాలి కదా’ అన్న వాదానికి ఊపునిచ్చింది ఈ తర్జుమానే.

ఇంతకీ ఛీ అంటే? ఆవిరి, ఊపిరి, గాలి. అక్షరంలో పైన తేలే ఆవిరి గీతలుంటాయి, కింద బియ్యం గుర్తు ఉంటుంది. ఉడుకుతున్న అన్నం మీద లేచే ఆవిరి అని అందరూ చెప్పే వివరణ. క్రీ.శ. 100 ప్రాంతపు నిఘంటువు అలా అనదు. పై గీతలకే మేఘాల ఆవిరి అని అర్థం చెప్పి, బియ్యం కలిసిన అక్షరానికి అతిథులకిచ్చే ధాన్యం అని రాసింది. 1950లలో లిపిని సరళం చేసినప్పుడు బియ్యం పోయి ఆవిరి మిగిలింది. నేటి చైనీయుడికి వాతావరణం ‘తియెన్‌ఛీ’, కోపం రావడం ‘షెంగ్‌ఛీ’, ఆక్సిజన్ ‘యాంగ్‌ఛీ’. మనం ఆక్సిజన్‌ను ప్రాణవాయువు అనడం లాంటిదే ఇది.

వైద్యంలోకి ఛీ ఎలా వచ్చిందో చూడాలంటే హూనాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్‌కి వెళ్లాలి. క్రీ.పూ. 168లో మూసిన సమాధిని 1973లో తెరిస్తే పట్టు మీద రాసిన వైద్య ప్రతులు దొరికాయి. వాటిలో ఒంట్లో పారే నాళాలు పదకొండే. సూది ఊసు లేదు, గుచ్చే బిందువులూ లేవు. నాళం దారిలో కాల్చడమే చికిత్స. వాటితోపాటే కసరత్తులు చేస్తున్న 44 బొమ్మల పటం కూడా ఉంది. అంటే నాళాల లెక్క సూది కన్నా ముందే పుట్టింది.

ఆ తర్వాత కొద్ది తరాల్లోనే రూపుకట్టిన వైద్య గ్రంథం ‘హువాంగ్‌ది నేయ్‌జింగ్’లో నాళాలు పన్నెండయ్యాయి. ఛీ వాటిలో చుట్టుతిరిగే ప్రవాహమైంది. దీని లెక్క చూడదగ్గది. ఉచ్ఛ్వాసకు 3 చున్‌లు (చున్ అంటే అంగుళం లాంటి చైనా కొలత), నిశ్వాసకు 3 చున్‌లు, మొత్తం ఒక్కో శ్వాసకు 6 చున్‌లు ఛీ కదులుతుంది. 100 చున్‌లు ఒక జాంగ్. ఒంటి నాళాల మొత్తం పొడవు 16.2 జాంగ్‌లు కాబట్టి ఒక చుట్టుకు 270 శ్వాసలు పడతాయి. పగలూ రాత్రీ కలిపి 50 చుట్లు, 13,500 శ్వాసలు. ఇక్కడే తేడా కొడుతుంది. నిమిషానికి తొమ్మిది చిల్లర శ్వాసలన్నమాట, విశ్రాంతిగా ఉన్న మనిషైనా 12 నుంచి 20 తీస్తాడు. ఈ లెక్క ముక్కు దగ్గర కూర్చుని వేసింది కాదు. ఆకాశంలోని 28 నక్షత్ర మండలాల చుట్టుతో ఒంటిని సరిపెట్టడానికి వేసింది. మన యోగ గ్రంథాల్లో రోజుకు 21,600 శ్వాసలని ఉంటుంది, అంటే నిమిషానికి 15. అదీ గుండు లెక్కే అయినా ముక్కుకు మరింత దగ్గరగా ఉంది.

మంచం పక్కన నిలబడ్డ వైద్యుడికి ఈ అంకెలతో పని తక్కువ. అతనికి ఛీ అంటే చెడిపోయే తీరులు. తగ్గితే నీరసం, బలహీనమైన గొంతు, పగలు ఊరికే పట్టే చెమట, అంచుల్లో పళ్ల గుర్తులు పడిన పాలిపోయిన నాలుక. అడ్డుపడితే డొక్కలో చోటు మారే ఉబ్బరపు నొప్పి, మాటిమాటికీ నిట్టూర్పు, వీణతీగలా బిగిసిన నాడి. దిగాల్సింది పైకి తన్నితే దగ్గు, వెక్కిళ్లు, వాంతి. పైన నిలవాల్సింది కిందికి జారితే గర్భసంచి జారడం లాంటివి.

మొదటి రెంటినీ కలగాపులగం చేయడం కొత్త వైద్యుల మామూలు పొరపాటు. రెంటిలోనూ రోగి ‘ఓపిక లేదు’ అనే అంటాడు. ఛీ తగ్గినవాడు పని చేస్తే ఇంకా కుంగుతాడు, ఛీ అడ్డుపడ్డవాడు కాసేపు నడిస్తే తేలికపడతాడు. రెండోవాడికి బలం మందు పోస్తే కడుపు ఇంకా ఉబ్బుతుంది.

1232లో మంగోలులు కైఫెంగ్‌ను ముట్టడించినప్పుడు నగరంలో లెక్కలేనంత మంది చనిపోయారు. అది బయటి చలి తెచ్చిన రోగం కాదని, ఆకలీ శ్రమా లోపలి ఛీని దెబ్బతీశాయని వైద్యుడు లీ దోంగ్‌యువాన్ వాదించాడు. ఆయన కూర్చిన ఎనిమిది దినుసుల కషాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో ముఖ్యమైనది హువాంగ్‌ఛీ వేరు (ఇక్కడి ‘ఛీ’ వేరే అక్షరం). నేటి చైనా ఫార్మకోపియాలో (ప్రభుత్వ మందుల గ్రంథంలో) దీని మోతాదు రోజుకు 9 నుంచి 30 గ్రాములు. జిన్‌సెంగ్ 3 నుంచి 9 గ్రాములు. కమలా జాతి పండు ఎండు తొక్క కూడా పడుతుంది. బలం మందు కడుపులో పేరుకోకుండా అది కదిలిస్తుందని వాళ్ల లెక్క. జ్వరం కొత్తగా తగిలినప్పుడు మాత్రం ఈ కషాయం ఇవ్వరు. దొంగ లోపలుండగా తలుపు మూసినట్టని వాళ్ల సామెత.

నాళాలను కళ్లతో చూడాలనుకున్నవాడు వైద్యుడు వాంగ్ ఛింగ్‌రెన్. 1797లో పిల్లలను అంటురోగం ఎత్తుకుపోతుంటే, లోతు తక్కువ గుంతల్లో పూడ్చిన శవాలను కుక్కలు పీకేసేవి. ఆయన పది రోజులు వెళ్లి వాటిని పరిశీలించి, పాత పటాలు తప్పని 1830లో అచ్చువేశాడు. ధమనులు ఖాళీగా కనిపించేసరికి అవి ఛీ పారే గొట్టాలని తేల్చాడు. అది నిజానికి చావు తర్వాతి సంగతి, ధమని గోడలు ముడుచుకుని నెత్తుటిని సిరల్లోకి తోసేస్తాయి. గ్రీకు వైద్యుడు ఎరసిస్ట్రాటస్ రెండు వేల ఏళ్ల ముందే ఇదే మాట అన్నాడు.

అప్పటికే 1822లో దావోగువాంగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలలో సూది చికిత్సను ఆపించాడు. 1929లో ప్రభుత్వం దేశీయ వైద్యం మొత్తాన్నే రద్దు చేయబోతే షాంఘైలో వైద్యులు ఏకమై అడ్డుకున్నారు. 1956లో కమ్యూనిస్టు ప్రభుత్వం బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌ఝౌ, చెంగ్దూల్లో కళాశాలలు తెరిచింది. చెదురుమదురు సంప్రదాయాలు ఒక పాఠ్యక్రమంలోకి వచ్చాయి.

1970ల చివర షాంఘైలో ఛీగోంగ్ (ఊపిరి, కదలికలతో చేసే సాధన) గురువుల అరచేతుల ముందు పరికరాలు పెట్టి, పరారుణ కిరణాలు దొరికాయి కాబట్టి ఛీ దొరికిందన్నారు. వెచ్చని అరచేయి ఎవరిదైనా పరారుణ కిరణాలు వదులుతుంది. ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష జర్మనీలో జరిగింది. 2007లో వెలువడిన ఆ పరిశోధనలో నడుము నొప్పి ఉన్న 1,162 మంది పాల్గొన్నారు. ఆరు నెలల తర్వాత, సరైన బిందువుల్లో సూదులు పడినవారిలో 47.6 శాతం మందికి ఉపశమనం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతానికి, మామూలు వైద్యం అందినవారిలో 27.4 శాతానికి కనిపించింది. సూది పనిచేసినట్టే ఉంది, నాళం దారి మాత్రం పెద్దగా లెక్కలోకి రాలేదు. చోటు లెక్కలోకి వచ్చేది ప్రమాదంలో: భుజం మీది జియెన్‌జింగ్ బిందువులో నిలువునా లోతుగా గుచ్చితే ఊపిరితిత్తి చిల్లుపడి, దాని చుట్టూ గాలి చేరుతుంది.

2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ రోగ వర్గీకరణ 11వ కూర్పులో సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం ఉంది. వాడటం దేశాల ఇష్టం. చికిత్స ఫలిస్తుందని దాని అర్థం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఛీ తగ్గడం, అడ్డుపడటం వంటివి అందులో లక్షణాల కూడికలుగా నమోదయ్యాయి. ఆ అధ్యాయంలో ఛీని ఎనర్జీ అని తర్జుమా చేయలేదు, ఛీ అనే ఉంచేశారు.