ఐరన్ అల్యూమినైడ్: పునఃస్ఫటికీకరణ దోషమైన వైనం

మూడు ఇనుప పరమాణువులకు ఒక అల్యూమినియం పరమాణువు చొప్పున కుదిరే మిశ్రలోహమైన ఐరన్ అల్యూమినైడ్‌లో ఆ రెండూ కచ్చితమైన క్రమంలో అమరుతాయని మాంచెస్టర్‌లో బ్రాడ్లీ, జే 1932లో ఎక్స్‌రేల సాయంతో తేల్చారు. ఉక్కుకన్నా తేలికగా ఉండటం, గంధకపు వాయువులకు సైతం తట్టుకునే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఏర్పడటం దీని ఆకర్షణలు. అయితే గది ఉష్ణోగ్రత వద్ద పెళుసుతనం, 600 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం పడిపోవడం దీన్ని దశాబ్దాలపాటు పెద్దగా వాడుకలోకి రానివ్వలేదు.

ఆ పెళుసుతనంలో అధికభాగం లోహానికి పుట్టుకతో వచ్చినది కాదని, గాలిలోని తేమతో అల్యూమినియం చర్య జరిపినప్పుడు వెలువడే హైడ్రోజన్ పగులు మొనలోకి చొరబడటమే కారణమని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 1989లో చూపారు. అల్యూమినియం పాలు ఇంకా ఎక్కువగా ఉన్న సోదర మిశ్రమం గాలిలో సుమారు 2 శాతం సాగి తెగిపోగా, పొడి ఆక్సిజన్‌లో 17 శాతానికి పైగా సాగింది.

పునఃస్ఫటికీకరణ (వేడిచేసినప్పుడు లోహంలోని పాత స్ఫటిక రేణువుల, అంటే గ్రెయిన్ల, స్థానంలో కొత్తవి పుట్టడం) గురించిన పాత నమ్మకం కూడా దీనితో తిరగబడింది. మామూలు ఉక్కు రేకును రోలింగ్ (రోలర్ల మధ్య నొక్కి సాగదీయడం) తర్వాత ఎనీలింగ్ చేసి, అంటే తగినంత వేడిచేసి, కొత్త గ్రెయిన్లను పుట్టిస్తే సాగే గుణం తిరిగి వస్తుంది. ఇక్కడ మాత్రం పొడవుగా సాగిన గ్రెయిన్లను చెదరనివ్వకుండా, 700–750 డిగ్రీల వద్ద అంతర్గత ఒత్తిడిని మాత్రమే సడలించిన రేకు మెరుగ్గా నిలిచింది. అడ్డంగా ఉండే గ్రెయిన్ సరిహద్దులు తగ్గడంతో హైడ్రోజన్‌కు దారి తగ్గిందని దీనికి వివరణ ఇచ్చారు.

అవక్షేపాల (లోహం లోపలే విడివడి ఏర్పడే చిన్న కణాల) పాత్ర కీలకమైనది ఇందుకే. నియోబియం, జిర్కోనియం కార్బైడ్ల (కార్బన్‌తో కలిసిన సమ్మేళనాల) సన్నని కణాలు గ్రెయిన్ సరిహద్దులను కదలనివ్వక పునఃస్ఫటికీకరణను వెనక్కి నెడతాయి. అవే ముతకబారి మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే, రోలింగ్‌లో వాటి చుట్టూ పోగుపడిన వికృతి (ఆకృతి చెదరడం) కొత్త గ్రెయిన్లకు పుట్టుచోటు అవుతుంది. ఒకే పదార్థం, పరిమాణాన్ని బట్టి రెండు విరుద్ధ ఫలితాలు! క్రీప్ (వేడిలో భారం కింద లోహం మెల్లగా సాగిపోవడం) నిరోధానికి 1150 డిగ్రీల వరకు వేడిచేసి కణాలను కరిగించి, మళ్లీ సన్నగా అవక్షేపింపజేసే పద్ధతి ఫలించినా, అంతటి వేడికి సాగిన గ్రెయిన్ల నిర్మాణం నిలవదు.

హైదరాబాద్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల 1990లలో వేరే దారి పట్టింది. పెళుసుతనానికి భయపడి ఇతరులు తక్కువగా ఉంచిన కార్బన్‌ను, 16 శాతం అల్యూమినియం గల మిశ్రమంలో బరువు లెక్కన దాదాపు 1 శాతం వరకు పెంచి, ఎలక్ట్రోస్లాగ్ రీమెల్టింగ్‌తో (కరిగిన స్లాగ్ గుండా విద్యుత్తు పంపి లోహాన్ని మళ్లీ కరిగించి శుద్ధిచేసే పద్ధతితో) కడ్డీలు పోసింది. అలా ఏర్పడిన ఇనుము-అల్యూమినియం కార్బైడ్ బలాన్ని పెంచడమే గాక, తన అంచుల వద్ద హైడ్రోజన్‌ను పట్టి ఉంచుతుందని ఆ బృందం ప్రతిపాదించింది.