మెషిన్ మీదికి వెళ్ళాకే వణుకు ఎందుకు?

"మా నాన్నగారు ఇంట్లో బాగానే ఉంటారండి. డయాలసిస్ మొదలైన అరగంటకి ఒళ్ళంతా వణుకు పుడుతోంది. ఏసీ చల్లదనమేనా?" అని కవిటి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. రక్తాన్ని మెషిన్‌కి చేర్చే గొట్టం మెడ దగ్గర ఉందా అంటే, ఉందన్నారు. అయితే ఏసీ మీదికి నెట్టేయకండి, ఈరోజే డాక్టరుగారికి చెప్పండి, యాంటీబయాటిక్ ఎక్కించేలోపే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీయించండి అని ముందు జవాబిచ్చాను. అలా ఎందుకు చెప్పానో ఇప్పుడు రాస్తున్నాను.

డయాలసిస్ అంటే ఏమిటో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో బడిపిల్లలకి కూడా తెలుసు, ఆ పాఠం వదిలేద్దాం. అసలు కథంతా ఆ గొట్టం లోపలి గోడ మీదే ఉంది.

గొట్టం మెడలోని పెద్ద సిరలోంచి గుండె కుడి గది దాకా దిగుతుంది. రక్తం తగిలిన కాసేపటికే ఫైబ్రినోజన్, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్లు దాని గోడకి పూతలా అంటుకుంటాయి. మనలో దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. సరిగ్గా ఆ ప్రొటీన్లనే పట్టుకునే అణువులు దాని ఒంటి మీద ఉన్నాయి. మూత విప్పినప్పుడు చేతి నుంచో, ఊపిరి నుంచో కాసిని లోపలికి జారితే చాలు, గోడకి అతుక్కుని, చుట్టూ జిగురు ఊరించుకుంటూ పొరలు పొరలుగా పెరుగుతాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు.

మేడ మీద నీళ్ళ ట్యాంకులో పట్టే పాచి కూడా ఇలాంటిదే. బ్లీచింగ్ వేస్తే పైపొర చస్తుంది, అడుగుపొర బతికే ఉంటుంది. గొట్టంలోనూ అంతే. జిగురు లోపలి బాక్టీరియాని చంపాలంటే మామూలు మోతాదుకి వంద నుంచి వెయ్యి రెట్ల యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు. అడుగున ఉన్నవి తిండి అందక దాదాపు ఎదుగుదల మానేసి ఉంటాయి. ఎదిగే కణాన్ని దెబ్బతీసే మందు వాటినేం చేస్తుంది? పైగా గుంపు ఎంత పెద్దదైందో రసాయన సంకేతాలతో కనిపెట్టి, కొన్ని విడివడి కొత్త చోటు వెతుక్కుంటాయి. ట్యాంకులో నీళ్ళు కదలనంతసేపూ తేటగానే ఉంటాయి, కుళాయి తిప్పగానే పాచి తునకలు కొట్టుకొస్తాయి. ఇంట్లో ఉన్నప్పుడు గొట్టంలో రక్తం పారదు. మెషిన్ మీద నిమిషానికి 300 మిల్లీలీటర్ల దాకా పారుతుంది. తునకలు, వాటి విషాలు నేరుగా గుండెలోకి పోతాయి. ఆ వణుకు అందుకే. అక్కడి నుంచి గుండె కవాటాలకీ, వెన్నుపూసకీ పాకితే ప్రాణం మీదికొస్తుంది. ఆరియస్ అని తేలితే సాధారణంగా గొట్టమే తీసేస్తారు.

ఇంత జరుగుతుంటే ఒంట్లోని కాపలా ఏమైనట్టు? రక్తంలో పేరుకున్న మలినాల వల్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు సరిగా పోరాడలేవు. కొత్త శత్రువుని గుర్తుపట్టాల్సిన టి కణాలు తగ్గిపోతాయి. అందుకే హెపటైటిస్ బి టీకా వీళ్ళకి రెట్టింపు మోతాదులో, సాధారణంగా 40 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. అయినా యాంటీబాడీలు లీటరుకి 10 యూనిట్ల కంటే తగ్గాయేమోనని ఏడాదికోసారి పరీక్ష చేయాలి. ఇన్ఫెక్షన్ ముదురుతున్నా కొందరికి ఒళ్ళు కాలదు. థర్మామీటర్ చూసి "జ్వరం లేదుగా" అని ఊరుకోవడం నాకు అన్నిటికంటే భయం కలిగించే మాట.

గొట్టం కంటే చాలా మెరుగైన దారి 1966లోనే దొరికింది. న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, ఆపెల్ అనే వైద్యులు మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుట్టే పద్ధతిని ప్రచురించారు. అదే ఫిస్టులా. మన సొంత రక్తనాళమే కాబట్టి పాచి పట్టడానికి పరాయి గోడ ఉండదు. కాకపోతే సిర లావెక్కి సూదికి పనికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి "డయాలసిస్ దగ్గరపడుతోంది" అని డాక్టరు అన్న రోజే ఫిస్టులా గురించి అడగాలి. కోతంటే భయపడి వాయిదా వేస్తే, చివరికి ఎమర్జెన్సీలో మెడకి గొట్టమే పడుతుంది.

ఫిస్టులా ఉన్న చేతికి బిగుతుగా తాయెత్తు కట్టకండి, రక్తం ఆగిపోవచ్చు. మెడ గొట్టం దగ్గర పసుపు, విభూతి అసలు వద్దు. నమ్మకాన్ని తప్పుపట్టడం లేదు, పొడిలోనూ క్రిములుంటాయని చెబుతున్నాను. గొట్టం మూత విప్పేటప్పుడు సిస్టర్‌తో పాటు పేషెంటుకీ మాస్కు ఉండాలి. లేకపోతే పక్కనున్నవాళ్ళు మొహమాటపడకుండా అడగండి.