బూడిదకు ధర కట్టిన రోజు

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే బూడిదను తోలే లారీల గొడవ మళ్ళీ మొదలైంది. ఎవరి లారీని ఎవరు ఆపారు, ఎవరి మనుషులు ఏ గేటు దగ్గర బైఠాయించారు అన్నది పేపర్లలో వస్తూనే ఉంది కాబట్టి ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ ప్రాజెక్టు బూడిదను తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి తోలే విషయంలో ఒకే కూటమికి చెందిన రెండు వర్గాలు తలపడ్డాయి. చివరికి పంచాయితీ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. విజయవాడ పక్క ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చుట్టూ కూడా ఇలాంటి రచ్చ కొత్తేమీ కాదు.

తగాదా నాయకులదే, కాదనలేం. కాకపోతే ఒకప్పుడు ఊరవతల పారబోసి, గాలికి ఇళ్ల మీద పడుతోందని జనం తిట్టుకున్న సరుకు కోసం ఇంత తగాదా ఎందుకు? ఆ సరుకుకు విలువ ఎప్పుడు వచ్చింది? దానికి ఒక తేదీ ఉంది. 2009 నవంబరు 3.

అసలు సంగతికి ముందు ఒక తేడా తెలియాలి, ఈ గొడవలో సగం దాని మీదే నడుస్తుంది. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది. పొగలో కలిసి పైకి పోయే మెత్తటి బూడిదను పొగ గొట్టం చేరకముందే యంత్రాలతో పట్టి గోదాముల్లాంటి సైలోల్లో నింపుతారు. ఇది పొడి బూడిద, పౌడరులా ఉంటుంది, సున్నం తగిలితే గట్టిపడే గుణం దీనికి ఉంది. మిగిలింది నీళ్లతో కలిపి గొట్టాల్లో బూడిద చెరువుకు పంపుతారు. చెరువు బూడిద ముతక, గుంతలు పూడ్చడానికీ రోడ్ల కిందికీ బాగా పనికొస్తుంది. సిమెంటు కంపెనీకి కావలసింది పొడి బూడిద, బూడిదతో ఇటుకలు చేసే యూనిట్‌కు కావలసిందీ అదే. లారీలు ఎన్ని తిరిగినా అసలు పోటీ సైలో గొట్టం కింద నడుస్తుంది.

1999 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ గురించి అందరికీ తెలిసిందే. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుక చేస్తే మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని అది చెప్పింది. ఆ దూరం తర్వాత 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. పేపర్లు ఎప్పుడూ ఈ దూరాల గురించే రాస్తాయి. అదే నోటిఫికేషన్‌లో ఇంకో వాక్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇటుకలు, బ్లాకులు, సిమెంటు వంటివి చేసేవాళ్లకు పదేళ్ల పాటు బూడిదను పైసా తీసుకోకుండా ఇవ్వాలన్నది ఆ వాక్యం.

పదేళ్లంటే 2009 సెప్టెంబరు. గడువు ముగిసిన రెండు నెలల్లోపే సవరణ వచ్చింది. థర్మల్ కేంద్రాలు ఇక బూడిదను అమ్ముకోవచ్చు. అయితే పొడి బూడిదలో కనీసం 20 శాతం ఇటుకలు, బ్లాకులు, టైల్స్ చేసే యూనిట్లకు మిగతా అందరికంటే ముందు ఉచితంగా ఇవ్వాలి, వాళ్లు తీసుకోగా మిగిలింది అమ్ముకోవచ్చు. అమ్మిన డబ్బు విడి ఖాతాలో వేసి, బూడిద వాడకం పెంచడానికి అవసరమైన ఏర్పాట్లకూ ప్రచారానికీ మాత్రమే ఖర్చు పెట్టాలి.

చదవడానికి న్యాయంగానే ఉంది. చెత్తకు ధర వస్తే చెత్త తగ్గుతుంది, చిన్నవాడి వాటా చిన్నవాడికి ఉంటుంది. ఆచరణలోకి వచ్చేసరికి ధర ఉన్న 80 శాతం వెంట టెండరు వచ్చింది, టెండరు వెంట రవాణా కాంట్రాక్టు, కాంట్రాక్టు వెంట స్థానిక నాయకుడు. ఉచితంగా ఇవ్వాల్సిన 20 శాతం మాత్రం గేటు దగ్గర వరసలో నిలబడింది. ఈరోజు రోడ్డు మీద కనిపిస్తున్నదంతా 2009 నాటి ఆ సవరణ నుంచి పుట్టిందేనని నా లెక్క. ఏ పార్టీ అధికారంలో ఉన్నా గొడవ తీరు మారకపోవడానికి కారణం కూడా అదే.

ఆ 20 శాతం వాటా అడిగినవాళ్లు ఎవరో తెలియాలంటే విశాఖపట్నం వెళ్లాలి. బూడిద, సున్నం, జిప్సం కలిపి, కాల్చే పని లేకుండా, నీళ్లతో తడుపుతూనే గట్టిపడే ఇటుకను తయారుచేసే పద్ధతిని ఇన్‌స్వారెబ్ అనే విశాఖ సంస్థ నుంచి భానుమతీదాస్, కాళిదాస్ అనే ఇద్దరు వ్యాప్తిలోకి తెచ్చారు. దాని పేరు ఫాల్‌-జి. సున్నం దొరకని చోట సిమెంటు వేసుకోవచ్చు. జిప్సం ఎరువుల ఫ్యాక్టరీలో పక్కకు పడేసేదే. బట్టీ అక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక మిక్సరు, ఒక ప్రెస్సు, తడపడానికి బోరు, ఆరబెట్టుకోవడానికి చోటు ఉంటే చిన్న పట్నంలో ఎవరైనా మొదలుపెట్టవచ్చు, పెట్టారు కూడా. బట్టీల్లో కాలాల్సిన బొగ్గు ఆదా అవుతోందన్న లెక్కతో 2006లో ప్రపంచ బ్యాంకు నడిపే కార్బన్ నిధి ఈ యూనిట్ల నుంచి కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన కాలుష్యానికి దక్కే, అమ్ముకోదగ్గ పత్రాలు) కొనడానికి ముందుకు వచ్చింది. మన దగ్గర పుట్టిన సంగతిని మనం మర్చిపోయినంతగా ఇంకెవరూ మర్చిపోలేదేమో.

మట్టి ఇటుక సంగతి వేరు. ఒక్కోటి మూడు కిలోలనుకున్నా లక్ష ఇటుకలకు 300 టన్నుల మట్టి, అదీ పొలాల పైపొర నుంచి, చెరువుల నుంచి, గోదావరి లంకల నుంచి. దాన్ని కాల్చడానికి బొగ్గు, ఊక. ఇక పని విషయానికొస్తే, తెలంగాణ, ఆంధ్ర బట్టీల్లో చాలావాటికి పశ్చిమ ఒడిశా నుంచి, ముఖ్యంగా బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కోతలయ్యాక అడ్వాన్సు తీసుకుని వస్తారు, వానలు పడేదాకా ఆ అడ్వాన్సు తీరదు. లెక్క ఇటుకకు ఇంత అని కట్టడంతో పిల్లల చేతులూ మట్టిలోనే ఉంటాయి. బూడిద ఇటుక యూనిట్‌లో పని ఏడాది పొడుగునా ఉంటుంది, మనుషులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, సాయంత్రానికి ఇంటికెళతారు. దుమ్ము లేదని కాదు, కూలి గొప్పగా ఉందనీ కాదు. కానీ అడ్వాన్సు కట్టు లేదు. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా బొగ్గు, మట్టి లెక్కలతోనే ఆగిపోతారు, ఈ లెక్క దాకా రారు.

ఇలాంటి యూనిట్ రోజుకు పదివేల ఇటుకలు చేస్తే ఒక టిప్పరు, మహా అయితే రెండు టిప్పర్ల బూడిద చాలు. సిమెంటు ఫ్యాక్టరీకి మూసిన ట్యాంకరు లారీలు వరస కట్టి వస్తాయి. సైలో దగ్గర ఉన్న మనిషికి ఎవరికి ముందు నింపాలనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

థర్మల్ కేంద్రాల వైపు వాదన కూడా ఉంది. వానాకాలంలో ఇటుక యూనిట్లు తీసుకునేది తగ్గుతుంది, బాయిలరు మాత్రం ఆగదు. కాగితం మీదే ఉన్న యూనిట్ల పేరుతో ఉచిత బూడిద తీసుకుని సిమెంటు కంపెనీలకే అమ్ముకున్నారన్న ఆరోపణలు వచ్చాయి, వాటిలో అన్నీ అబద్ధాలని ఎవరూ అనరు. సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలిపితే క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు) తగ్గుతుంది, అదీ పర్యావరణానికి మేలే.

ఇదంతా నిజమే. కానీ 2021లో జరిగింది చూస్తే తక్కెడ ఎటు మొగ్గిందో తెలుస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ కేంద్రాలకు ఒక సూచన పంపింది. బూడిదను బహిరంగ వేలంలోనే ఇవ్వాలి, వేలంలో పోగా ఏమైనా మిగిలితే అప్పుడు ముందొచ్చినవాళ్లకు ఉచితం, రవాణా ఖర్చు వాళ్లదే. 2009 నాటి మాటను తిరగేసినట్టయింది. అప్పుడు ఇటుకవాడు తీసుకోగా మిగిలింది అమ్మకానికి, ఇప్పుడు అమ్మగా మిగిలింది ఇటుకవాడికి. డిసెంబరు 31న పర్యావరణ శాఖ కొత్త నోటిఫికేషన్ ఇచ్చింది. బూడిద మొత్తం వాడి తీరాలి, మూడు నుంచి ఐదేళ్ల లోపు లెక్క తేలాలి, వాడనిదానికి టన్నుకు 1000 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలి. ఉద్దేశం మంచిదే. జరిమానా తలమీద వేలాడుతున్న ప్లాంటు మేనేజరు మాత్రం ఒక్క సంతకంతో వేల టన్నులు ఎత్తుకుపోయేవాడినే వెతుక్కుంటాడు, రోజుకో టిప్పరు అడిగేవాడితో అతనికి పనేముంది? 2022 ఏప్రిల్ 1 నుంచి బూడిద ఇటుకల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతమైంది. దెబ్బ మీద దెబ్బ.

ఇక్కడిదాకా వచ్చిన కథనాలు సాధారణంగా ఆగిపోతాయి. ఈ కథలో ఎవరూ పిలవని మనిషి ఒకడున్నాడు, తాపీ మేస్త్రీ.

అడ్డా మీద ఏ మేస్త్రీని అడిగినా బూడిద ఇటుక గురించి ఫిర్యాదే వినిపిస్తుంది. గోడ పగుళ్లిస్తుంది, ప్లాస్టింగ్ పట్టదు, మేకు కొడితే పెచ్చు లేస్తుంది. ఇవి ఊహలు కావు, చాలా ఇళ్లలో నిజంగానే జరిగాయి. కారణం ఎక్కువసార్లు బూడిదలో ఉండదు. మట్టి ఇటుకను కట్టేముందు నీళ్లలో బాగా నానబెట్టాలి, లేకపోతే అది మాలులోని (గోడ కట్టే సిమెంటు, ఇసుక ముద్దలోని) నీటిని పీల్చేస్తుంది. తాతల నాటి అలవాటు అది. బూడిద ఇటుకకు పైన తడి చాలు. నానబెట్టి కడితే తర్వాత ఆరేటప్పుడు ముడుచుకుని కీళ్ల దగ్గర గీతలు పడతాయి. సిమెంటు ఎక్కువ వేస్తే గోడ గట్టిగా ఉంటుందన్నది ఇంకో నమ్మకం. ఈ ఇటుకకు సిమెంటు పాలు తక్కువైన మాలే నయం, బలమైన మాలు ఎక్కువ కుదించుకుని పగులు తెస్తుంది. ముఖం నున్నగా, కొలతలు సమంగా ఉండటంతో మాలు పలుచగా వేసుకోవచ్చు, ప్లాస్టింగ్ మందం తగ్గించుకోవచ్చు. అలా చేస్తేనే ఖర్చు కలిసొస్తుంది. చెయ్యి మాత్రం పాత మందమే వేస్తుంది. ఈ తేడాలన్నీ నేర్పడానికి వారం రోజులు చాలు, రసమట్టం పట్టడం వచ్చిన మనిషికి అంతకంటే అక్కర్లేదు. ఆ వారం ఎవరు ఇవ్వాలి?

ఇవ్వడానికి సంస్థలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు, తాపీ పని, రాడ్ బెండింగ్, ప్లంబింగ్ నేర్పడానికే. డబ్బు లేదా అంటే అదీ ఉంది. 1996లో వచ్చిన నిర్మాణ కార్మికుల చట్టాల ప్రకారం నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరాల్సి ఉండేది. ఆ సెస్సు ఎలా ఖర్చయిందో 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే తెలుస్తుంది. కార్మికుల కోసం వసూలు చేసిన డబ్బుతో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్న రాష్ట్రాల సంగతి ఆ కేసులోనే బయటికొచ్చింది. 2015 తర్వాత పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పథకం నడిచింది. ఉన్న నైపుణ్యాన్ని గుర్తించడం మంచిదే, కానీ ఇక్కడ సమస్యే ఉన్న నైపుణ్యం. మట్టి ఇటుకకు ఇరవై ఏళ్లుగా అలవాటైన చేతికి అదే నైపుణ్యమని సర్టిఫికెట్ ఇస్తే కొత్తది ఎప్పుడు నేర్చుకుంటుంది?

2009 సవరణలోని ఆ విడి ఖాతా సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. బూడిద అమ్మిన డబ్బును వాడకం పెంచే ఏర్పాట్లకూ ప్రచారానికీ మాత్రమే ఖర్చు పెట్టాలన్నారు. బూడిద ఇటుక గోడ కట్టే మేస్త్రీకి వారం రోజుల శిక్షణ, ఆ వారం కూలి డబ్బులు ఆ మాటల్లో ఇమడవా? హాయిగా ఇమిడేవే. సైలో కింద గొట్టం వేయడం ఏర్పాటైతే, గోడ కింద మనిషిని తయారుచేయడం ఏర్పాటు కాదని ఎవరన్నారు? మేస్త్రీలకు సంఘాలున్నా వాళ్ల మాట థర్మల్ కేంద్రం గేటు దాకా వెళ్లలేదు. అక్కడ నోరున్నవి లారీల సంఘాలు.

ఇప్పుడు చిన్న ఇటుక యూనిట్ల యజమానులు అడుగుతున్నది పాత 20 శాతాన్ని తిరిగి ఇవ్వమని. ఆ కోరిక వెనక ఒక లెక్కుంది. బూడిదకు, దాని కిరాయికి డబ్బు పెట్టాక ఇటుక రేటు పెంచితే కొనేవాడు మట్టి బట్టీకి పోతాడు. కాబట్టి కొన్ని యూనిట్లలో సున్నం, సిమెంటు పాలు తగ్గుతాయి. రెండు మూడు వారాలకు తక్కువ కాకుండా తడపాల్సిన ఇటుక నాలుగైదు రోజులకే లారీ ఎక్కుతుంది. పచ్చి ఇటుక గోడెక్కి ఆరుతుంది, గోడ గీతలిస్తుంది, ఇంటాయన మేస్త్రీని నిలదీస్తాడు, మేస్త్రీ ఇటుకను తిడతాడు. పక్క ప్లాటువాళ్లు అది విని, ఇబ్రహీంపట్నం పొగ గొట్టాలు డాబా మీది నుంచి కనిపిస్తున్నా సరే, ఎర్ర ఇటుకకే అడ్వాన్సు ఇచ్చి వస్తారు.